గ్రూపు అందరిదీ, నిర్ణయం ఐదుగురిదా?

ప్రశ్న: భీమవరం ప్రాంతంలో రొయ్యల రైతులం కొందరం కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు దాదాపు ఎనిమిది వందల మంది ఉన్నారు. సొంత చెరువుల రైతులతో పాటు లీజు రైతులు, మేత డీలర్లు, కొనుగోలు ఏజెంట్లు, ల్యాబు టెక్నీషియన్లు కూడా చేరారు. అడ్మిన్లుగా ఉన్న ఐదుగురమే నియమాలు పెడుతూ వచ్చాము. ఈమధ్య ఒక మేతపై ఫిర్యాదు రాసిన లీజు రైతును మాలో ఒకరు తొలగించడంతో గొడవ మొదలైంది. ఇకమీదట ఏ నిర్ణయమైనా అందరినీ అడిగే తీసుకోవాలని సభ్యులు పట్టుబడుతున్నారు. ఒప్పుకుంటే రోజూ పంచాయితీలే అవుతాయని మా భయం. ఏం చేయమంటారు?
— ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఒప్పుకోండి. అయితే తెల్లవారితే ఒక పోల్ పెట్టడమే అందరినీ అడగడమని మాత్రం అనుకోకండి. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే సభ్యుల కోపం ఓటు లేనందుకు కంటే, ఒక మనిషిని ఎందుకు తీసేశారో చెప్పనందుకే ఎక్కువగా వచ్చినట్లుంది. కాబట్టి ముందు ఆ లీజు రైతును తిరిగి చేర్చుకుని, తొలగించిన కారణాన్ని గ్రూపులోనే రాసి, అతని జవాబునూ అక్కడే వినండి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో విధానాల మీద చర్చకు రచ్చబండ అనే పేజీ ఉంది. ఎవరిని ఏ నిర్వాహకుడు ఎప్పుడు నిరోధించాడు, ఏ కారణం చూపాడు అన్నది అక్కడి చిట్టాలో ఎవరైనా చూడవచ్చు. మీ గ్రూపుకు అంత ఏర్పాటు అక్కర్లేదు. ఎవరిని తొలగించినా తేదీ, కారణం, తొలగించిన అడ్మిన్ పేరు రాసిపెట్టి, అందరికీ కనిపించేలా పిన్ చేస్తే చాలు.

ఇక ఓటు సంగతి. అసలు చిక్కు ఓటర్ల జాబితా దగ్గర వస్తుంది. ఎనిమిది వందల మందికీ సమానంగా ఓటు ఇచ్చారనుకోండి, మేత మీద ఫిర్యాదులు పెట్టవచ్చా అన్న ప్రశ్న వచ్చే నాటికి డీలరు తన దుకాణంలో పనిచేసే వాళ్లందరినీ గ్రూపులో చేర్పించగలడు. చెరువు సొంతదారులకే ఓటు అంటే, పెట్టుబడి పెట్టి నష్టం భరించే లీజు రైతు బయట మిగిలిపోతాడు. ఈ ముడిని మన కాలువల మీద ఎప్పుడో విప్పారు. ఉమ్మడి రాష్ట్రంలో సాగునీటి నిర్వహణను రైతులకు అప్పగిస్తూ 1997లో వచ్చిన చట్టం, ఒకే భూమికి యజమానీ కౌలుదారూ ఇద్దరూ ఉన్నప్పుడు నీటి వినియోగదారుల సంఘంలో కౌలుదారునే సభ్యుడిగా గుర్తించమంది. నీటిని వాడుకునే ఇతరులకు సభ్యత్వం ఇచ్చింది గానీ ఓటు ఇవ్వలేదు. అదే పద్ధతిని మీరూ పాటించవచ్చు. చెరువును స్వయంగా సాగుచేస్తూ, గ్రూపులో కనీసం ఒక పంట కాలం నుంచి ఉన్న వారికే ఓటు ఇవ్వండి. డీలర్లకు, ఏజెంట్లకు, టెక్నీషియన్లకు ప్రతి చర్చలోనూ మాట్లాడే హక్కు పూర్తిగా ఉంచండి. వారి మాట గ్రూపుకు అవసరం, కొన్నిసార్లు రైతు మాట కంటే ఎక్కువ అవసరం.

ఓటు రహస్యంగా ఉండాలి. దీన్ని చాలామంది పట్టించుకోరు. వాట్సాప్ పోల్‌లో సాధారణంగా ఎవరు దేనికి ఓటు వేశారో సభ్యులందరికీ పేర్లతో సహా కనిపిస్తుంది. మేత అప్పుగా తెచ్చుకుని, రొయ్యల పట్టుబడి అయ్యాక లెక్క తీర్చే రైతు, ఆ అప్పు ఇచ్చిన డీలరు చూస్తుండగా అతనికి నచ్చని దానికి ఓటు వేస్తాడని ఆశించడం అన్యాయం. ప్రపంచమంతటా వ్యాపించిన స్వచ్ఛంద ప్రోగ్రామర్లు నడిపే డెబియన్ అనే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు 1998 నుంచి రాతపూర్వక రాజ్యాంగం ఉంది, ఏటా నాయకుడి ఎన్నిక జరుగుతుంది. అక్కడ కూడా సాధారణ తీర్మానాలపై ఎవరు ఎటు ఓటు వేశారో బయటపెట్టే పద్ధతి ఉండేది. వివాదాస్పదమైన ఒక తీర్మానం తరువాత, 2022లో వాళ్లే ఓటు వేసి ఆ ఓట్లను రహస్యం చేసుకున్నారు. టెలిగ్రామ్ పోల్‌లో పేర్లు దాచే వీలుంది. లేదా సభ్యులు ఒప్పుకున్న ఇద్దరు తటస్థులకు గూగుల్ ఫారమ్ అప్పగించవచ్చు. డెబియన్ బ్యాలెట్‌లో ప్రతిసారీ ‘పైవేవీ కావు’ అన్న అర్థమిచ్చే ఎంపిక ఉంటుంది. మన ఎన్నికల్లో 2013 నుంచి నోటా ఉంది కనుక మీ సభ్యులకు అదేమిటో విడమర్చి చెప్పనక్కర్లేదు.

పెట్టిన ఓటుకు మీరు కట్టుబడతారా లేదా అన్నది ముందే తేల్చుకోండి. ఫేస్‌బుక్ 2009లో తన నియమాల మార్పులపై వినియోగదారులతో ఓటు వేయిస్తామని ప్రకటించి, క్రియాశీల వినియోగదారుల్లో 30 శాతం పాల్గొంటేనే ఫలితం చెల్లుతుందని షరతు పెట్టింది. 2012 డిసెంబరులో ఆ ఓటింగునే ఎత్తివేసే ప్రతిపాదన వచ్చినప్పుడు సుమారు 6.68 లక్షల మంది పాల్గొన్నారు, వారిలో 88 శాతం మంది వద్దన్నారు. వినియోగదారులు వంద కోట్లు దాటి ఉన్నందున షరతు ప్రకారం 30 కోట్ల ఓట్లు కావాలి. అవి రాలేదు గనుక ఓటింగు రద్దయింది. అందని ఎత్తులో కోరం, అంటే కనీసం ఇంతమంది పాల్గొనాలన్న షరతు, పెట్టడం అడగకపోవడంతో సమానమే, పైగా అడిగామన్న పేరు కూడా దక్కుతుంది. మీ గ్రూపులో కోరం కావాలంటే, గత నెలలో ఒక్క సందేశమైనా పెట్టిన వారి సంఖ్యను బట్టి లెక్కకట్టండి.

ప్రశ్నను ఎవరు పెడతారన్నది ఓటు కన్నా పెద్ద విషయం. ‘మేత ఫిర్యాదులు నిషేధించాలా?’ అని అడిగితే ఒక జవాబు వస్తుంది, ‘మేత ఫిర్యాదుకు బ్యాచ్ నంబరు, సంచి ఫోటో తప్పనిసరి చేద్దామా?’ అని అడిగితే మరొకటి వస్తుంది. రెండో ప్రశ్న అడ్మిన్లకు తట్టకపోవచ్చు, ఒక రైతుకు తడుతుంది. అందుకని పదిమంది ఓటర్లు కోరితే ఏ ప్రతిపాదననైనా ఓటుకు పెట్టి తీరాలన్న నియమం చేసుకోండి. ప్రతిపాదనను తెలుగులో రాయడంతో పాటు ఒక నిమిషం వాయిస్ మెసేజ్‌గా కూడా పంపండి, వారం రోజులు గడువు ఇవ్వండి. వేకువజామున ఆక్సిజన్ పడిపోతుందేమోనని చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ల దగ్గర కాపలా ఉండే మనిషి పగలు నిద్రపోతాడు. మధ్యాహ్నం పెట్టి సాయంత్రం మూసే పోల్ అతనిది కాదు. శివారు పొలాలకు నీరందకముందే ఎగువన లాకులు దించినట్లు అవుతుంది.

కొన్ని ఓటుకు పెట్టకూడనివి ఉన్నాయి. మోసపు లింకులు, ఒకరి ఆధార్ కాపీ, తిట్లు వంటివి కనబడిన వెంటనే అడ్మిన్ తీసేయాలి, కారణం తరువాత రాయాలి. ఫలానా చెరువులో తెల్లమచ్చ వ్యాధి ఉందో లేదో పీసీఆర్ పరీక్ష చెప్పాలి, మెజారిటీ కాదు.

ప్రశ్న: మా అడ్మిన్‌ను కూడా ఇలాగే అడిగితే, రేపు కేసు పడితే జైలుకు వెళ్లేది నేనే కనుక నిర్ణయం నాదే అంటున్నారు. ఇది నిజమేనా?
— ఒక పాఠకుడు, తణుకు

జవాబు: సగం కూడా నిజం కాదు. సభ్యుడు పెట్టిన పోస్టుకు, కేవలం అడ్మిన్ అయినందువల్ల ఒకరిని నేరబాధ్యుడిని చేయలేమని కేరళ హైకోర్టు 2022లో తీర్పు చెప్పింది. ఆయనే తప్పుడు పోస్టు పెట్టినా, ప్రోత్సహించినా అది వేరే సంగతి. భయం నిజంగానే ఉంటే అడ్మిన్ బాధ్యతను ఆరు నెలలకొకసారి మార్చుకుందామని మీరు ప్రతిపాదించవచ్చు. ఆ మాటకు ఆయన ఏమంటారో చూస్తే భయం దేని గురించో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: రాజోలు దగ్గర మా ఊరి గ్రూపులో సగం మంది కువైట్‌లోనో, మస్కట్‌లోనో, హైదరాబాదులోనో ఉంటారు. ఊరి విషయాల్లో వారికీ ఓటు ఇవ్వాలా? పోయిన వరదల్లో పడవల కబురు కోసం చూస్తుంటే, దూరాన ఉన్నవాళ్ల సందేశాల్లో అది మునిగిపోయింది.
— ఒక గృహిణి, కోనసీమ

జవాబు: గ్రూపు నియమాల మీదనైతే ఇవ్వాలమ్మా, ఆ గ్రూపు వారిది కూడా. ఊరి పనుల మీద తీర్మానం మాత్రం గ్రామసభలో జరగాలి. రాజ్యాంగం ప్రకారం గ్రామసభ అంటే ఆ పంచాయతీ ఓటర్ల జాబితాలో ఉన్నవారు. గ్రూపు దాని స్థానాన్ని తీసుకోకూడదు. దూరం నుంచి డబ్బు పంపేవారికి ఎంత ప్రేమ ఉన్నా సరే.

వరద మాటకొస్తే, నీళ్లు గుమ్మంలోకి వచ్చాక ఓటు పెట్టే తీరిక ఎవరికీ ఉండదు. ఆ నియమాన్ని వేసవిలోనే అందరూ కలిసి ఒప్పుకుని ఉంచుకోవాలి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారని మీకు తెలిసిందే. రెండో హెచ్చరిక వెలువడినప్పటి నుంచి దాన్ని ఉపసంహరించే దాకా అడ్మిన్లు మాత్రమే పోస్టు చేసేలా గ్రూపును మార్చాలని, ఆ రోజుల్లో అడ్మిన్లుగా ఊళ్లో ఉన్నవారే ఉండాలని, దూరాన ఉన్న బంధువుల కోసం క్షేమ సమాచారం వేరే గ్రూపులో పెట్టాలని ఇప్పుడే ఓటు వేయించుకోండి. కువైట్‌లో ఉన్న పిల్లలే దీనికి ముందుగా ఒప్పుకుంటారు. అమ్మానాన్నల దగ్గరికి పడవ వెళ్లిందా లేదా అన్న కబురు కోసం ఆ రాత్రి అందరికంటే ఎక్కువగా వెతికేది వాళ్లే.