బస్తీలో డెంగీ సర్వేనా? ముందు నల్లా టైమ్ అడగండి

డెంగీ దోమల సర్వేలో బస్తీవాళ్లను భాగస్వాములుగా ఎట్లా కలుపుకోవాలి, ఎన్ని రోజుల శిక్షణ ఇవ్వాలి అని అడిగారు. శిక్షణకు ఒక పూట చాలు. అసలు పని అంతకు ముందుంది: ప్రశ్నలు ఖరారు కాకముందే బస్తీకి వెళ్లండి. అచ్చయిన ఫారాలు పట్టుకుని వెళ్తే వాళ్లు మీ ఫారాలు నింపే కూలీలవుతారు, అంతే.

హైదరాబాద్‌లో చాలా బస్తీలకు నల్లా రోజు విడిచి రోజే. అందుకే గుమ్మం గుమ్మానికీ నీలం డ్రమ్ము. "వారానికోసారి డ్రమ్ము ఖాళీ చేస్తున్నారా?" అని మీరు రాస్తారు. అందరూ "ఆ, చేస్తున్నం" అంటారు. పట్టుకున్న నీళ్లు పారబొయ్యడానికి ఎవరికి మనసొస్తుంది? అదే ప్రశ్న పొదుపు సంఘం అక్కలతో కూర్చుని రాస్తే "నల్లా వచ్చే ముందు డ్రమ్ము అడుగు కనబడుతుందా?" అని మారుతుంది. రుద్ది కడగాల్సింది సరిగ్గా అప్పుడే. డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన, డ్రమ్ము లోపలి గోడకు అతుక్కుని ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి చావవు. నీళ్లు వంపేస్తే పోవు, పీచు పెట్టి చుట్టూ రుద్దాలి.

చూసే పద్ధతి కూడా నేర్పండి. డ్రమ్ము కదిలినా, నీడ పడినా లార్వా, అంటే నీళ్లలో ఉండే దోమ పిల్ల పురుగు, అడుక్కి దిగిపోతుంది. మూత మెల్లగా తీసి, రెండు మూడు నిమిషాలు ఆగి, టార్చి వేసి, తెల్ల గిన్నెతో ముంచాలి. కూలర్లు, ఫ్రిజ్ వెనక ట్రేలు కూడా చూడాలి.

పొద్దున పదకొండింటికి పోతే సగం ఇళ్లకు తాళాలే, ఆడవాళ్లు పనుల మీద బయటుంటారు. ఆ ఇళ్లకు సాయంత్రం మళ్లీ వెళ్లకపోతే లెక్కే తప్పుతుంది. జ్వరాల సంగతి పక్కింటామె అడిగితే ఎవరూ నోరు విప్పరు, అందుకని సర్వే చేసేవాళ్లకు సొంత గల్లీ ఇవ్వొద్దు. పాతబస్తీలో ఉర్దూ మాట్లాడేవాళ్లు లేకుండా అడుగు పెట్టొద్దు.

డబ్బు సంగతి. పని మానుకుని వచ్చిన మనిషికి చాయ్ బిస్కెట్ ఇచ్చి, ఫ్లెక్సీ ముందు నిలబెట్టి ఫోటో తీసి, రిపోర్టులో "ప్రజా భాగస్వామ్యం" అని రాసుకోవడం అన్యాయం. పోయిన కూలి కట్టివ్వాలి. మనుషుల మీద చేసే పరిశోధనలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి పంపే ప్రతిపాదనలోనే ఆ మొత్తం రాయండి, తర్వాత చేర్చాలంటే మళ్లీ అనుమతి కావాలి.

ఫలితాలు అందరికన్నా ముందు బస్తీకే చెప్పండి. ఏ గల్లీలో వంద ఇళ్లకు ఎన్నింటిలో లార్వా దొరికిందో చెప్తే చాలు. ఎవరింట్లో దొరికిందో బయటపడిందా, రెండోసారి డ్రమ్ము మూత ముట్టుకోనివ్వరు.