డ్రింకు అనాలా, కలరు అనాలా?

ఈసారి పాఠకుల ఉత్తరాలు ఎండలకు తగ్గట్టే, కూల్‌డ్రింకుల పేర్ల మీద వచ్చాయి. చెన్నైలో ఒక కూల్‌డ్రింకు డీలరు దగ్గర లైన్ సేల్స్ చేసినవాణ్ణని, మాధవరం నుంచి గుమ్మిడిపూండి మీదుగా ఆరంబాకం దాకా ప్రతి బడ్డీకొట్టు ముందూ క్రేట్లు దించి ఎంటీలు, అంటే ఖాళీ సీసాలు, ఎక్కించుకున్నవాణ్ణని ఎడిటరు గారు వీటన్నిటినీ నా మీదకు తోశారు. నాకూ సరదాయే.

మాది కాకినాడ. పెళ్లయి చెన్నై వచ్చాను. అత్తగారి వాళ్లు మూడు తరాలుగా ఇక్కడే ఉన్న నెల్లూరు కుటుంబం. మావారి ఆఫీసు వాళ్లు ఇంటికి వస్తే "డ్రింకు తీసుకుంటారా అండీ?" అని అడిగాను. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్లు వెళ్లాక అత్తగారు "కలరు అనాలమ్మా" అన్నారు. నేను అన్నదాంట్లో తప్పేముంది బాబాయి గారూ?
— ఒక పాఠకురాలు, పెరంబూరు

తప్పేమీ లేదమ్మా. మన గోదావరి వైపు డ్రింకు అంటే నురగొచ్చే తియ్యటి సీసాయే. పెళ్లివారు బస్సు దిగీ దిగగానే "అందరికీ డ్రింకులు అందాయా?" అని పెద్దాయన కేకేస్తాడు, ఎవరూ ఉలిక్కిపడరు. ఆ రెండో రకానికి మనకు "మందు" అని విడిగా మాట ఉంది కదా! ఇక్కడ డ్రింక్స్ అంటే ఆ రెండో రకమే. ఆ మాటకొస్తే తమిళంలో మంచినీళ్లను తణ్ణి అంటారు, మందు కొట్టడాన్నీ "తణ్ణి అడిక్కిరదు" అంటారు. మీవారి ఆఫీసు వాళ్లు మొహాలు చూసుకున్నది కోపంతో అయ్యుండదు, ఆశతో అయ్యుంటుంది.

మీ అత్తగారు చెప్పిన కలరు పాతకాలం మాట. వట్టి సోడాకు రంగుండదు. అందులో తీపీ, ఎసెన్సూ, రంగూ కలిపి సీసాకెత్తితే అది కలరు. తమిళ పల్లెల్లో పిల్లను చూసుకోవడానికి ఎవరైనా వస్తే వెనక గుమ్మంలోంచి ఓ కుర్రాణ్ణి పరిగెత్తించి కలరు తెప్పించేవారు. నెల్లూరు, చిత్తూరు వైపు మన పెద్దవాళ్ల నోటా ఈ మాట వింటాం. చెన్నై కొట్లలో ఇప్పుడు వయసు మళ్లినవాళ్లకే తెలుసు. గల్లాపెట్టె దగ్గర కుర్రాడుంటే "ఏ కలరు?" అని ఎదురడుగుతాడు. తెలుగువాళ్లకు దీంతో ఇంకో చిక్కుంది. ఆరంబాకంలో కొట్టు పెట్టుకున్న ఓ ముసలమ్మ, మన తెలుగావిడే, వ్యాను ఆగగానే "ఏం నాయనా, ఇయ్యాల తెచ్చింది కలరా?" అని వీధి వీధంతా వినబడేలా అరిచేది. కొత్తగా చేరిన మా డ్రైవరు బండి దిగడానికే జంకాడు.

కూల్‌డ్రింకు అనే మాట మాత్రం అన్నిచోట్లా చెల్లుతుంది, కాకపోతే పలకడంలో తేడా ఉంది. తమిళులకు ఒక్క సీసా అయినా "కూల్‌డ్రింగ్స్" అనే. మనం చివర ఉకారం తగిలించి కూల్‌డ్రింకు అంటాం, రెండో సీసా వస్తే కూల్‌డ్రింకులు చేస్తాం. అడిగాక కొట్టాయన "కూలింగా?" అంటాడు. అంటే ఫ్రిజ్‌లోది ఇవ్వనా, బయటది ఇవ్వనా అని. గొంతు బాగోలేకపోతే "కూలింగ్ ఇల్లామ" అనండి, బయటది తీసిస్తాడు. ఇంటికొచ్చినవాళ్లను మాత్రం "చల్లగా ఏమైనా తాగుతారా?" అని అడగండి. మీ అత్తగారికీ అభ్యంతరం ఉండదు.

మాది హైదరాబాదు. షోళింగనల్లూరులో ఉద్యోగం. ఆఫీసు పక్క కొట్లో పన్నీర్ సోడా అని రాసుంది. పాలు విరగ్గొట్టి చేసిన పన్నీరును సోడాలో ఎలా వేస్తారు సార్? తాగొచ్చా?
— ఒక సాఫ్ట్‌వేర్ తమ్ముడు

హాయిగా తాగు తమ్ముడూ. మీ అమ్మమ్మని అడిగితే ఒక్క క్షణంలో చెప్పేది. పెళ్లిలో గుమ్మం దగ్గర నిలబడి వెండి బుడ్డితో మన మీద చల్లుతారే, ఆ పన్నీరు. గులాబీ నీళ్లు. తెలుగులోనూ తమిళంలోనూ అసలు పన్నీరు అదే. హోటలు మెనూల్లోకి ఉత్తరాది పనీర్ వచ్చాక మనవాళ్లు దాన్నీ పన్నీరు చేసేశారు. నాకైతే ఆ గులాబీ వాసన సోడాలో కంటే పాలల్లోనే బాగుంటుంది. ఆదివారం మైలాపూరు వెళ్తే కపాలీశ్వరుడి గుడి దగ్గర కాళత్తి కొట్లో రోజ్‌మిల్క్ తాగు. 1927 నాటి కొట్టు. మా రాజమండ్రి రోజ్‌మిల్క్ ఇంతకంటే మేలని నేనంటాను గానీ, మైలాపూరులో నిలబడి మాత్రం అనను.

మా నాన్నగారు బందరు మనిషి. ఇప్పటికీ "షోడా" అంటారు. టి.నగర్‌లో పుట్టి పెరిగిన మా పిల్లలు నవ్వుతారు. ఆయనకు చెప్పి మార్పించమంటారా?
— ఒక పాఠకుడు, టి.నగర్

మార్పించకండి. పిల్లల్నే కాస్త కోప్పడండి. కృష్ణా, గోదావరి జిల్లాల్లో రాసేటప్పుడు సోడా, అనేటప్పుడు షోడా. ఇన్నేళ్లు మద్రాసులో ఉన్నా నేనూ షోడా అనే అంటాను. అలా అన్నందుకు ఏ కొట్టాయనా సీసా ఇవ్వకుండా పంపలేదు. 

పిల్లలకు నాన్నగారి చేత గోలీసోడా కొట్టించి చూపించండి. ఆ సీసా కథ వాళ్లకు నచ్చుతుంది. హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన 1872లో దానికి పేటెంటు తీసుకున్నాడు. మూతా లేదు, బిరడా లేదు. లోపలి గ్యాసే గోలీని పైకి తన్నిపెట్టి మెడలోని రబ్బరు రింగుకు అదిమి ఉంచుతుంది. బొటనవేలితో నొక్కితే కీచుమని గోలీ లోపలికి దిగుతుంది. తాగడంలోనూ కిటుకుంది. మెడ దగ్గరి నొక్కులు కిందికి వచ్చేలా సీసాను వంచాలి, గోలీ అక్కడ చిక్కుకుని ఉంటుంది. లేకపోతే దొర్లుకుంటూ వచ్చి మూతికి అడ్డం పడుతుంది. పిల్లలు మొదట ఇక్కడే తికమక పడతారు. ఢిల్లీలో దీన్ని బంటా అంటారు. తమిళులూ కన్నడిగులూ మనలాగే గోలీ అనే అంటారు. మందపాటి కళ్లద్దాలను మనం సోడాబుడ్డి అంటే ఇక్కడివాళ్లు సోడాపుట్టి అంటారు. అద్దాలు పెట్టుకున్నవాణ్ణి ఏడిపించడంలో రెండు భాషలకూ తేడా లేదు.

గుంటూరు నుంచి వచ్చాం. థమ్సప్ అడిగితే "లేదు, బొవొంటో ఉంది" అంటున్నారు. ఏమిటది? ఎలా పలకాలి?
— ఒక గృహిణి, వలసరవాక్కం

మీ గుంటూరు బాధ నాకర్థమైంది. 1977లో కోకాకోలా దేశం విడిచిపోయాక పార్లే వాళ్లు తెచ్చిన డ్రింకు థమ్సప్. 1993లో తిరిగొచ్చిన కోకాకోలా దాన్నీ కొనేసింది. మన తెలుగువాళ్లకు నల్లగా ఉన్న ప్రతి సీసా థమ్సప్పే.

బొవొంటో కాళీమార్క్ వాళ్లది. విరుదునగర్‌లో 1916లో మొదలైన కంపెనీ. చూడ్డానికి నల్లగానే ఉంటుంది గానీ ద్రాక్ష రుచి, ఘాటు తక్కువ, తీపి ఎక్కువ. 2017 జల్లికట్టు ఉద్యమం తర్వాత, మార్చి 1 నుంచి కోక్, పెప్సీ అమ్మబోమని ఇక్కడి వర్తక సంఘాలు ప్రకటించాయి. అప్పుడు స్థానిక సీసాలన్నీ కొట్లలో ముందు వరసకు వచ్చాయి. పలకడం అంటారా, బవంటో, బోవంటో, బొవాంటో అన్నీ విన్నాను, అన్నిటికీ అదే సీసా చేతికొచ్చింది. ఒక్కసారి తాగి చూడండి. మా రామచంద్రపురం ఆర్టోస్ కూడా 1919 నాటిదే, దాన్ని తాగి పెరిగిన నాలుకతో చెబుతున్నా, బొవొంటో బాగానే ఉంటుంది.

చికాగోలో ఉండే మా మనవడు కూల్‌డ్రింకును "పాప్" అంటాడు. న్యూయార్కులో ఉండే వాడి మేనత్త కూతురు "సోడా" అంటుంది. ఇద్దరికీ రోజూ ఫోన్లో గొడవ. ఎవరిది రైటు? వేసవికి ఇద్దరూ మా ఇంటికే వస్తున్నారు.
— ఒక తాతగారు, అన్నానగర్

ఎవరి ఊళ్లో వాళ్లది రైటే అన్నగారూ. చికాగో చుట్టుపక్కల పాప్ అంటారు, బిరడా తీసినప్పుడు వచ్చే చప్పుడు అది. న్యూయార్కు వైపూ కాలిఫోర్నియాలోనూ సోడా అంటారు. దక్షిణాదిన, కోకాకోలా పుట్టిన జార్జియా వైపు, స్ప్రైట్ అయినా ఫాంటా అయినా చాలామందికి కోకే. మన థమ్సప్ కథే అక్కడా.

ఇక్కడికి వచ్చాక ఇబ్బంది పడేది మనవడు కాదు, మనవరాలు. పాప్ అంటే కొట్టాయనకు అర్థం కాదు, ఏం కావాలో వేలు పెట్టి చూపించమంటాడు, అంతటితో అయిపోతుంది. సోడా అంటే మాత్రం బాగా అర్థమవుతుంది. తీపీ రుచీ లేని వట్టి గ్యాసు నీళ్ల సీసా తీసి, మూత కొట్టి మరీ చేతిలో పెడతాడు. అమెరికా పిల్ల ఒక గుక్క తాగి మొహం పెడుతుంది. పోనీ లెమన్ సోడా అడుగుదామంటే, చెప్పకపోతే ఉప్పు వేసేసే కొట్లున్నాయి. "లెమన్ సోడా, స్వీట్" అని రెండూ కలిపి చెప్పమనండి.