టికెట్ మీద తేదీ మళ్లీ చూడు బిడ్డా

బిడ్డా సుమా,

డాలస్‌లో ఎంఎస్ సీటు వచ్చిందని, టికెట్ కూడా తీశారని మీ నాన్న ఫోన్ చేశాడు. మన ఇంటి నుంచి అంత దూరం చదువుకు పోతున్న మొదటి ఆడపిల్లవి. కడుపు నిండిపోయింది. టికెట్ ఫోటో చూశాక మాత్రం గుబులు పట్టుకుంది.

మీ నాన్న ‘పన్నెండు రాత్రి బయల్దేరతాం’ అన్నాడు. ఎంత ప్రమాదం! టికెట్ మీద ఉన్నది ఆగస్టు 12, 04:20. అంటే తెల్లవారుజాము. పంచాంగం లెక్కలో సూర్యోదయమైతేగాని మనకు రోజు మారదు. విమానాలకు అర్ధరాత్రికే మారిపోతుంది. ఇక్కడే ఎందరో బోల్తా పడతారు. హనుమకొండ నుంచి శంషాబాద్ 160 కిలోమీటర్లు, మూడు గంటలు పెట్టుకో. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేదాకా లారీల రద్దీ ఉంటుంది, ఇంకో గంట చేతిలో ఉండాలి. ఒంటిగంటకల్లా టెర్మినల్లో ఉండాలి, బయల్దేరే టైముకు గంట ముందే కౌంటర్ మూసేస్తారు. కాబట్టి 11వ తేదీ రాత్రి తొమ్మిదికి గడప దాటండి. మొదటి విమానం ఎక్కకపోతే అదే టికెట్ మీది దుబాయ్-డాలస్ సీటు కూడా రద్దవుతుంది. క్యాలెండర్‌లో 11 మీద ఎర్రసిరాతో సున్నా చుట్టు, అమ్మ కళ్లముందే.

ఇక దూరం. గ్లోబు మీద దారం బిగించి కొలిస్తే హైదరాబాద్-డాలస్ సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా నీ దారి 2,550, ఆపైన 12,900. గంటకు 900 చొప్పున భాగించి పదిహేడు గంటలే అనుకోకు. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడం, పడమటికి పోయేటప్పుడు ఎదురుగాలి, అన్నీ కలిసి 4 గంటలు, 16 గంటలు అవుతాయి. తిరుగు ప్రయాణంలో గాలి వెనక నుంచి తోస్తుంది, ఆ పెద్ద విమానమే గంటకు పైగా ముందు చేరుతుంది.

టికెట్ మీద టైములన్నీ ఏ ఊరివి ఆ ఊరివే. దుబాయ్‌లో దిగేది 6:50, మన గడియారంలో 8:20. అక్కడ మళ్లీ ఎక్కేది 9:00, వాళ్ల టైము. దిగగానే వాచీ గంటన్నర వెనక్కి తిప్పు. షాపుల్లోకి పోకుండా ముందు గేటు వెతుక్కో. డాలస్‌లో దిగేది అదే 12వ తేదీ సాయంత్రం 4:00. నవంబర్ నుంచి మార్చి దాకా మనకూ వాళ్లకూ పదకొండున్నర గంటల తేడా, ఇప్పుడు పదిన్నర. లెక్క సరిచూసుకో, ఇంటి దగ్గర విమానం కదిలిన దగ్గర్నుంచి 22 గంటల 10 నిమిషాలు.

పవర్ బ్యాంకు చేతి సంచిలో, ఆవకాయ పెద్ద పెట్టెలో. అమ్మ ఎంత బతిమాలినా నాటుకోడి పచ్చడి వద్దు, అక్కడి కస్టమ్స్‌లో మాంసం తీసేసుకుంటారు.

నువ్వు దిగేసరికి ఇక్కడ రాత్రి రెండున్నర. పడుకుని ఉంటారులే అని ఆగకు తల్లీ. ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చుంటాను.

మీ పెద్దనాన్న