కాకకు స్టెంట్ పడింది, కవల అన్న అయిన బాపు సంగతేంటి?

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి ఒకరు అడిగారు: బాపు (నాన్న), కాక (బాబాయి) కవలలు, కాకకు 49 ఏళ్లకే గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు, ఇద్దరిదీ ఒకే పోలిక, మరి బాపుకూ వస్తుందా అని.

ముందు పోలిక సంగతి పక్కన పెట్టండి. ఒకే అండం కవలలా (జన్యువులు దాదాపు ఒకటే), రెండు అండాలవాళ్లా (జన్యువుల్లో మామూలు అన్నదమ్ముల్లాగే) అన్నది ముఖం చూస్తే తేలదు. బ్లడ్ గ్రూపులు వేరైతే రెండు అండాలవాళ్లే. ఒకటే అయితే ఏమీ తేలదు. కాన్పులో మాయలు రెండు పడ్డాయని మంత్రసాని చెప్పిన మాటా చాలదు, ఒకే అండం కవలల్లోనూ సుమారు మూడో వంతు మందికి మాయలు వేరుగానే ఉంటాయి. డీఎన్ఏ పరీక్షతో తెలుస్తుంది కానీ ఆ ఖర్చు దండగే అంటాను. సొంత తమ్ముడికి 55 లోపు గుండెపోటు వచ్చిందంటే చాలు, కవలైనా కాకపోయినా డాక్టర్లు మీ బాపును ముప్పున్నవాళ్లలోనే లెక్కేస్తారు.

1994లో స్వీడన్ కవలల లెక్క ఒకటి వచ్చింది. 21,004 మందిని 26 ఏళ్ల పాటు గమనించారు. మగవాళ్లలో ఒకరు 55 లోపు గుండెజబ్బుతో పోతే రెండోవారికి అదే చావు ముప్పు, అలా జరగని కవలలతో పోలిస్తే, ఒకే అండం వాళ్లలో 8.1 రెట్లు, రెండు అండాలవాళ్లలో 3.8 రెట్లు. వాట్సాప్‌కు ఎక్కేసరికి ఇదే "80 శాతం గ్యారంటీ" అయిపోతుంది. రెట్లు వేరు, శాతం వేరు. పైగా అది చావుల లెక్క, మీ కాక బతికే ఉన్నాడు. వయసు పైబడేకొద్దీ జన్యువుల పట్టు సడలుతుందనీ అందులోనే తేలింది.

ఇక రక్తపరీక్ష. ఇక్కడే అందరూ తప్పులో కాలేస్తారు. కాక ఆసుపత్రి రిపోర్టులో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) తక్కువుందని "మా ఇంట్లో కొలెస్ట్రాల్ లేదు" అనుకోకండి. గుండెపోటు వచ్చిన ఒకటి రెండు రోజుల్లో ఎల్‌డీఎల్ దానంతటదే పడిపోతుంది, ఆపైన కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర ఇంకా దించుతుంది. అంతకు ముందటి పాత రిపోర్టు ఉంటే వెతకండి. బాపుకు ఎల్‌డీఎల్ 190 దాటితే వంశపారంపర్య కొలెస్ట్రాల్ ఉందేమో చూడాలి, అప్పుడు పిల్లలకూ పరీక్ష చేయించాలి. లైపోప్రొటీన్-ఎ (రక్తంలో కొలెస్ట్రాల్ మోసే, వంశంలో వచ్చే ఒక రకం కణం) జీవితంలో ఒక్కసారి చూపిస్తే చాలు. ల్యాబులు రెండు కొలతల్లో ఇస్తాయి, మిల్లీగ్రాముల్లో 50 దాటితే ఎక్కువ, నానోమోల్స్‌లో అయితే 125. "ఫుల్ బాడీ ప్యాకేజీ" అని అరవై పరీక్షలు అంటగడతారు, చాలావాటిలో ఈ ఒక్కటీ ఉండదు! ఈసీజీ నార్మల్ అన్న కాగితం ఈ రోజుకే, రేపటికి హామీ కాదు.

బీపీ చూపించేటప్పుడు జరిగేది ఊహించుకోండి. అన్నదమ్ములు ఒకే బల్ల మీద కూర్చున్నారు. బాపు బస్సు దిగి నడిచొచ్చాడు, బుగ్గలో ఖర్రా (నమిలే పొగాకు) ఉంది, చొక్కా చెయ్యి మీదే పట్టీ చుట్టారు, చెయ్యి వేలాడుతోంది, పక్కవాళ్లతో ముచ్చట సాగుతోంది. 158/94 వచ్చింది. కాకకు 128. "కవలలకు ఇంత తేడానా" అని అందరూ నోరు వెళ్లబెడతారు. ఆ తేడాకు జన్యువులతో పనిలేదు. పొగాకు, టీ పడ్డాక 30 నిమిషాలు ఆగాలి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. పట్టీ ఒంటి మీదే చుట్టాలి, లావు చేతికి చిన్న పట్టీ వేస్తే బీపీ ఎక్కువ చూపిస్తుంది. చెయ్యి గుండె ఎత్తున ఉండాలి. నిమిషం గ్యాప్‌తో రెండుసార్లు చూడాలి. మొదటిసారి రెండు చేతులకూ చూపించండి. ప్రతిసారీ 15 పాయింట్ల తేడా వస్తుంటే ఒక చేతి ధమని సన్నబడిందేమోనని డాక్టరుకు చెప్పాలి.

బీడీ మానేసి ఖర్రా పట్టుకున్నవాళ్లు "పొగ లేదు కదా" అంటారు. వక్క, సున్నంతో కలిపి ప్లాస్టిక్ కవరులో రుద్దినా అది తంబాకే, నికోటిన్ రక్తంలో కలుస్తుంది, నాడి, బీపీ పెరుగుతాయి. అన్నదమ్ములిద్దరి జేబులోనూ ఆ పొట్లం ఉంటే జన్యువుల లెక్క తర్వాత చూసుకోవచ్చు. 2016లో వచ్చిన ఒక పరిశోధనలో, జన్యు ముప్పు ఎక్కువున్నవాళ్లలో కూడా పొగ లేకపోవడం, ఊబకాయం లేకపోవడం, వ్యాయామం, మంచి తిండి, ఈ నాలుగింటిలో కనీసం మూడు ఉన్నవాళ్లకు ముప్పు దాదాపు సగం తక్కువుంది.

ఛాతీ బరువెక్కి చెమటలు పడితే గ్యాసని సోడా తాగించి కూర్చోబెట్టకండి. 108కి ఫోన్ చేసి, దగ్గర్లో ఈసీజీ తీసి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చే చోటికి పోవాలి. ఆ ఇంజెక్షన్ మొదటి గంటల్లోనే బాగా పనిచేస్తుంది, సిరొంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలి సుమారు 200 కిలోమీటర్లు. ఆ ఇంజెక్షన్ దగ్గర్లో ఎక్కడ ఇస్తారో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి.