రాత్రి స్టేజీ ఫొటోల కోసం కెమెరా మార్చే ముందు

అల్లుడూ,

నీ మెసేజ్ చదివిన. పంపిన ఫొటోలన్నీ షాపులో పెద్ద స్క్రీన్ మీద పెట్టుకుని చూసిన. నీ నికాన్ డి7200 అమ్మేసి, పెద్ద సెన్సర్ (వెలుతురు పట్టే పలక) ఉన్న ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు, సోనీకో నికాన్ జెడ్‌కో పోదామంటున్నవు, జాతరల సీజన్ లోపలే తేల్చుకోవాలంటున్నవు. మార్చొద్దని నేను చెప్పను. ఈ రాత్రి పని నీకు ప్రాణమని నాకు తెలుసు. కానీ ఏం కొనాల్నో దోస్తుల కెమెరాలను చూసి తేల్చుకోకు. నీ చెడిపోయిన ఫొటోలను ముందట పెట్టుకుని తేల్చుకో.

ఒక పూట కూసోని, పోయినేడు పనికిరావని పక్కన పెట్టినవన్నీ నూరు శాతానికి పెంచి చూడు. ఒగ్గు కథ రాత్రి తీసినవాటిల్ల నాకు కనిపించింది చెప్తా. సగానికి పైగా ఫొటోలల్ల గ్రెయిన్ (చీకట్ల ఫొటో మీద లేసే చుక్కలు) అసలు సమస్యే కాదు. డోలు కొట్టేటాయన చెయ్యి చెదిరింది, గిర్రున తిరిగేటాయన ముఖం చెదిరింది. షట్టరు చూస్తే 1/60, అంటే సెకనుల అరవయ్యో వంతు తెరిచున్నది. ఇంకొన్నిట్ల ముఖం మెత్తగున్నది, వెనుక ఎల్‌ఈడీ వాల్ మీది అక్షరాలు మాత్రం కత్తిలెక్క ఉన్నయి. అది ఫోకస్ తప్పినందుకు. ఒట్టి గ్రెయిన్ వల్ల పోయినవి బహు తక్కువ. గ్రెయిన్‌కు ఇప్పుడు మందున్నది. 2023లో ఫొటోలు దిద్దే లైట్‌రూమ్‌లో వచ్చిన డీనాయిస్‌తో నీ పాత రా ఫైళ్లు (కెమెరా దిద్దకుండ దాచినవి) ఒక పదింటిని నడిపి చూడు, ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాల్నో చెప్పే అంకె) 6400లో తీసినవి కూడా ఆల్బమ్‌కు పనికొస్తయి. చెదిరిన చెయ్యిని, తప్పిన ఫోకస్‌ను ఏ సాఫ్ట్‌వేరూ నిజంగా బాగుచేయలేదు.

అందుకే ఐఎస్ఓ పెంచడానికి భయపడకు. 3200 దగ్గరే ఆపి, చీకటిగా తీసి, ఇంట్ల కూసోని వెలుతురు పెంచినవనుకో, గ్రెయిన్ ఏమీ తగ్గదు, నల్లటి జాగల్ల రంగు మచ్చలు కూడా కనబడొచ్చు. పాటగాడు మైకు ముందర నిలబడి పాడుతుంటే 1/125 చాలు. ఒగ్గు డోళ్ల విన్యాసానికి, కోలాటానికి 1/250 తగ్గొద్దు. డప్పు మీద పుల్ల పడే క్షణం కావాలంటే 1/500. షట్టరు ముందు ఖాయం చేసుకో, ఐఎస్ఓ ఎంత అడిగితే అంత ఇయ్యి.

ఇగ లెక్క. నీ 18-140 లెన్సు చివరికి జరిపితే ఎఫ్5.6. ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నగుంటే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటది. దాని జాగల 85 ఎంఎం ఎఫ్1.8 పెడితే వెలుతురు దగ్గర దగ్గర పది రెట్లు. బాడీ (లెన్సు లేని కెమెరా) మాత్రమే మార్చి ఫుల్ ఫ్రేమ్‌కు పోతే సెన్సర్ వైశాల్యం రెండుంపావు రెట్లు పెరుగుతది, అంతే. కొత్త బాడీకి అందరూ కొనే ఎఫ్4 జూమ్ జత చేసినా రెండూ కలిసి నాలుగున్నర రెట్లు దాటదు. అంటే నీ పాత బాడీ మీద ఒక్క 85 పెడితే, లక్షలు పోసి కొన్న కొత్త సెట్టు కంటే ఎక్కువ వెలుతురు లోపలికొస్తది. ఇప్పుడు ఐఎస్ఓ 12800, 1/60 దగ్గర కొట్టుకుంటున్నవు కదా, ఆ లెన్సుతో 1/250కి పోయినా ఐఎస్ఓ అయిదు వేల చిల్లరకు దిగుతది. దీంట్ల ఒక మెలిక ఉన్నది. ఇరవై అడుగుల దూరంలో కూడా ఎఫ్1.8 దగ్గర అడుగుకు జరంత ఎక్కువ లోతే షార్ప్‌గా వస్తది. ఒక్క మనిషికైతే అదే అందం. నలుగురు వరుసల నిలబడితే ఎఫ్2.8కి మూసుకో.

మరి కొత్త బాడీ ఎందుకంటే, ఫోకస్ కోసం. నేను మార్చుకోమనేది ఆ ఒక్క కారణానికే. డి7200 ఫోకస్ మైనస్ మూడు ఈవీ (వెలుతురు కొలత, మైనస్ ఎంత పెరిగితే అంత చీకటి) వరకు పనిచేస్తదని కంపెనీ లెక్క, కానీ గట్టిగ పట్టేది నడిమి పాయింట్ల మీదనే. నడిమి పాయింటుతో ఫోకస్ పట్టి ఫ్రేమ్ జరిపేలోపు, ఎఫ్1.8 దగ్గర మనిషి ఆ అడుగు లోతు దాటిపోతడు. కొత్త మిర్రర్‌లెస్‌లు (లోపల అద్దం లేని కెమెరాలు) ఫ్రేమ్‌ల ఏ మూలనున్నా కన్ను పట్టుకుని ఇడువయి. కాకపోతే నికాన్ జెడ్6 త్రీకి మైనస్ పది ఈవీ అని రాసింది చూసి మురవకు. ఆ అంకె ఎఫ్1.2 లెన్సు పెట్టి కొలిచింది. చీకటి జూమ్ పెట్టినవంటే ఫోకస్‌కు కూడా వెలుతురు తక్కువ పడుతది, అది కూడా వెతుకులాడుతది. ఏ దిక్కు నుంచి వచ్చినా మళ్లా లెన్సు దగ్గరికే వస్తున్నం చూడు.

సోనీనా, నికాన్ జెడ్డా అన్నవు. నీ దగ్గరున్నవి 18-140, 70-300, పాత 50 ఎఫ్1.8డి. నిన్ను నికాన్‌కు కట్టేసే లెన్సు దాంట్ల ఒక్కటీ లేదు. 50డి అయితే, పాత నికాన్ లెన్సులను జెడ్ బాడీకి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద ఆటోఫోకస్ కూడా కాదు, ఎందుకంటే ఆ లెన్సుల మోటరు ఉండదు, బాడీల ఉన్న స్క్రూ తిప్పాలె, అడాప్టర్‌ల ఆ స్క్రూ లేదు. షాపోడు 'పాత లెన్సులన్నీ నడుస్తయి' అంటడు, నడుస్తయి గానీ చేత్తో తిప్పుకోవాలె. ఏఎఫ్-ఎస్ అని రాసున్న లెన్సులకు ఈ బాధ లేదు. కానన్ వాళ్ల సంగతి వేరే, వాళ్ల పాత ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో కొత్త ఆర్ఎఫ్ బాడీల మీద మంచిగ నడుస్తయి. కానీ ఆర్ఎఫ్‌ల ఫుల్ ఫ్రేమ్‌కు బయటి కంపెనీల ఆటోఫోకస్ లెన్సులు దొరకడం కష్టం, నీ బడ్జెట్‌కు అది కుదరదు.

నన్నడిగితే ముందు లెన్సు ఎంచుకో, తర్వాత దానికి సరిపోయే బాడీ చూడు. స్టేజీ పనికి టామ్రాన్ 35-150 ఎఫ్2-2.8 అంటే నాకు మస్తు ఇష్టం. బరువు కిలో దాటుతది, తెల్లందాక మోస్తే భుజం గుంజుతది, ఒప్పుకుంటా. కానీ జాతరల లెన్సు మార్చకుండా పని ఎల్లదీయొచ్చు. దురాజ్‌పల్లి పెద్దగట్టు లాంటి జాగల దుమ్ములో, జనంలో లెన్సు విప్పితే సెన్సర్ మీద ఏం పడుతదో నీకు తెలియంది కాదు. ఈ లెన్సు సోనీకీ వస్తది, నికాన్ జెడ్‌కూ వస్తది. కాబట్టి నల్లగొండ, మిర్యాలగూడల నీతో కలిసి పనిచేసేటోళ్ల దగ్గర ఏ మౌంటు (లెన్సు తగిలే మూతి) ఎక్కువున్నదో చూడు. రాత్రి పదకొండింటికి బ్యాటరీ అయిపోతే, లెన్సు మొరాయిస్తే, చేబదులు ఇచ్చేది వాళ్లే. సెకండ్ హ్యాండ్ సరుకు సోనీలనే ఎక్కువ దొరుకుతది, ఆ మాట నిజమే.

కొనేముందు హైదరాబాద్‌ల ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకో. పెండ్లి రిసెప్షన్‌ల టెస్ట్ చేయకు, అక్కడ వెలుతురు ఎక్కువ. ధూంధాం పాటల స్టేజీకి తీస్కపో. షార్పీ లైట్లు తిరుగుతుండాలె, నీలం పార్ లైట్లు ముఖం మీద పడాలె, పాటగాడి మూతికి మైకు అడ్డముండాలె. అప్పుడు కన్ను పట్టుకుంటదా, మైకును పట్టుకుంటదా చూడు. చిందు భాగోతం దొరికితే ఇంకా మంచిది. కిరీటం, భుజకీర్తులు, ముఖమంతా రంగు ఉంటయి కాబట్టి ఫోకస్‌కు అసలు పరీక్ష అక్కడే. నీలం, ఎరుపు లైట్ల కింద మామూలు హిస్టోగ్రామ్‌ను (వెలుతురు చూపే గ్రాఫు) నమ్మకు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ విడివిడిగా చూడు. ఒక్క రంగు గ్రాఫు కుడి గోడకు తగిలిందంటే ముఖం మీద ముక్కేదో చెంపేదో తెలియకుండ రంగు ముద్ద అయితది. తర్వాత ఏం చేసినా తిరిగి రాదు.

సైలెంట్ షట్టర్ (చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్) పెట్టి కూడా కొన్ని తీయి. సెన్సర్ నిదానంగా చదివే బాడీల మీద ఎల్‌ఈడీ లైట్ల కింద అడ్డం చారలు పడుతయి. పడితే మెకానికల్ షట్టర్‌కు రా. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మామూలు లైట్లు సెకనుకు నూరు సార్లు మిణుకుతయి, 1/100 దగ్గర చాలాసార్లు సర్దుకుంటది. ఎల్‌ఈడీలు ఇంకా ఎన్నో రెట్లు వేగంగా కొట్టుకుంటయి. వాటికోసం షట్టరు వేగాన్ని సన్నసన్నగా మార్చుకునే వీలు కొన్ని బాడీలల్ల ఉంటది, కొనే బాడీల అది ఉన్నదా అడుగు. లేజర్ లైట్లు తిరిగే చోట లెన్సును వాటికి ఎదురు పెట్టకు, సూటిగ పడితే సెన్సర్ కాలిపోతది.

చెరువుగట్టు అగ్నిగుండాలకు ఆటో వైట్ బ్యాలెన్స్ (రంగును కెమెరానే సర్దేది) తీసేయి. అది నిప్పు ఎరుపునంతా కడిగేసి ట్యూబ్ లైటు కింద తీసినట్టు చేస్తది. 3200 కెల్విన్ దగ్గర కట్టేసి, నిప్పుల మీద కాకుండ భక్తుల ముఖాల మీద ఎక్స్‌పోజర్ చూసుకో. ఫోకస్ కోసం వెలిగే ఏఎఫ్ అసిస్ట్ దీపం ఆపేయి, ఫ్లాష్ సంచిలనే ఉండనీ. మొక్కు తీర్చుకునేటోళ్ల కండ్లల్ల లైటు కొట్టడం నాకు అసలే నచ్చదు.

ఖర్చు లెక్కల బ్యాటరీలు మరువకు. డి7200 ఒక్క చార్జికి 1,110 ఫొటోలని కంపెనీ లెక్క, మిర్రర్‌లెస్‌లల్ల చాలావాటికి మూడు నుంచి ఆరు వందల దాకనే. అసలువి రెండు అదనంగా కొను. పాతది అమ్మేముందు షట్టర్ కౌంటు (ఇప్పటిదాక ఎన్ని ఫొటోలు తీసిందో) తీసి కొనేటోళ్లకు చెప్పు, ఆ బాడీ లక్షా యాభై వేలకు రేటింగ్ ఉన్నది, నీది ఇంకా దూరమే. సెకండ్ హ్యాండ్ లెన్సు కొంటే వెనుక నుంచి సెల్ టార్చి కొట్టి సాలెగూడు లెక్క ఫంగస్ ఉన్నదేమో చూడు. ఇండియా బిల్లు లేనిది ఎంత తక్కువకొచ్చినా వద్దు.

మార్చేది మూఢంల మార్చు. పెండ్లిళ్లు ఉండవు, బటన్లు చేతికి అలవాటయ్యేదాక టైం దొరుకుతది. అప్పటిదాక నా 85 ఎఫ్1.8జి నీ దగ్గర ఉంచుకో, డి7200 మీద మంచిగ నడుస్తది. ఈ సీజన్ దానితో చేసి, మళ్లా చెడిపోయినవన్నీ ముందటేసుకుని చూడు. అప్పటికీ ఫోకస్ తప్పినవే ఎక్కువున్నయంటే, బాడీ కొనడానికి నేనే నీతో హైదరాబాద్ వస్తా. ఆదివారం పొద్దుగాల క్లాక్ టవర్ దగ్గరికి వచ్చి ఫోన్ చేయి, లెన్సు తెచ్చిస్తా. అక్కను, బావను అడిగినట్టు చెప్పు.

మీ మామ
నల్లగొండ