ఓడలో వాంతులు సరే, షుగర్ మాత్రల సంగతేమిటి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 63 ఏళ్లు. 1988లో ఉద్యోగం పని మీద విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు ఓడలో వెళ్లాను. మొదటి రోజంతా వాంతులు. మర్నాడు మధ్యాహ్నానికి లేచి అన్నం తిన్నాను. తిరుగు ప్రయాణంలో అసలేమీ కాలేదు. ఆ సముద్రం ఇప్పటికీ కళ్లలో ఆడుతూనే ఉంటుంది. ఫిబ్రవరిలో నేనూ మా ఆవిడా (58) మళ్లీ ఓడలోనే వెళ్దామనుకుంటున్నాం. ఇప్పుడు నాకు షుగర్, బీపీ ఉన్నాయి. షుగర్‌కు గ్లిమెపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా, డాపాగ్లిఫ్లోజిన్ 10, బీపీకి టెల్మిసార్టాన్ 40 వాడుతున్నాను. ప్రోస్టేట్‌కు రాత్రిపూట టామ్సులోసిన్. మా ఆవిడకు జబ్బులేమీ లేవు గానీ అరకు ఘాట్‌రోడ్డు ఎక్కితే వాంతులే. ఏ మాత్ర వేసుకోమంటారు?
– ఒక పాఠకుడు, మర్రిపాలెం, విశాఖపట్నం

జవాబు: ఓడ ప్రయాణం ఎవరికి పడుతుందో చెప్పే రక్తపరీక్ష ఏదీ లేదు. పాత ప్రయాణాలే ఆధారం. మీరు రాసిన ఆ నాలుగు ముక్కలూ మాకు బాగా పనికొస్తాయి. కేబిన్‌లో కూర్చున్నప్పుడు కళ్లకు గోడలు కదలకుండా కనిపిస్తాయి, లోపలి చెవి మాత్రం ఊగుతున్నామని చెబుతుంది. ఈ రెండూ పొసగకే వికారం. ఒకటి రెండు రోజుల్లో మెదడు ఆ ఊపుకు అలవాటు పడుతుంది. మీరు రెండో రోజు అన్నం తినగలిగింది అందుకే. తిరుగు ప్రయాణంలో ఏమీ కాకపోవడానికి ఆ అలవాటు కొంత మిగిలి ఉండటం కారణం కావచ్చు, ఆ రోజు సముద్రం నెమ్మదిగా ఉండి ఉండవచ్చు. ఇన్నేళ్లకు ఆ అలవాటు ఏమీ మిగలదు. అయితే వయసు పైబడేకొద్దీ ఈ వికారం సాధారణంగా తగ్గుతుంది కాబట్టి అప్పటికంటే ఘోరంగా ఉంటుందని భయపడక్కర్లేదు. నెల కూడా మంచిదే ఎంచుకున్నారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలకు బంగాళాఖాతం ఉడికిపోతుంటుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల గొడవ. ఫిబ్రవరిలో సముద్రం చాలావరకు నెమ్మదిగా ఉంటుంది.

నాకు గుబులుగా ఉన్నది వాంతుల గురించి కాదు. 1988లో మీ కడుపులో షుగర్ మాత్రలు లేవు. ఇప్పుడు పొద్దున్నే గ్లిమెపిరైడ్ వేసుకుని, ఇడ్లీ తిని, పది నిమిషాల్లో కక్కేశారనుకోండి. తిన్నది బయటికి పోతుంది, మందు తన పని తాను చేసుకుపోతుంది. మధ్యాహ్నానికి షుగర్ 60కి పడిపోవచ్చు. చెమటలు, నీరసం, వణుకు వస్తే ‘ఓడ పడలేదు, పడుకోనివ్వండి’ అని దుప్పటి కప్పేస్తారు. అసలు ప్రమాదం అక్కడే. అందుకని ఓడలో ఉన్నన్నాళ్లూ వరస మార్చండి. ముందు తినండి, అది అరగంట కడుపులో నిలిస్తేనే గ్లిమెపిరైడ్. మాత్ర వేసుకున్నాక వాంతి అయితే మళ్లీ ఇంకొకటి వేయకండి. రెండు మూడు గంటలకోసారి గ్లూకోమీటరుతో చూసుకోండి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి లేదా పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్ట్రిప్పుల డబ్బా మూత గట్టిగా పెట్టండి. సముద్రపు తేమకు అవి పాడై తప్పుడు లెక్క చూపిస్తాయి.

డాపాగ్లిఫ్లోజిన్ సంగతి ఇంకా మెలికగా ఉంటుంది. తిండి లేక, ఒంట్లో నీరు తగ్గిన మనిషి ఈ మాత్ర కొనసాగిస్తే రక్తంలో కీటోన్లు, అంటే ఒళ్లు కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే పదార్థాలు, పేరుకుని ఆమ్లం పెరగవచ్చు. షుగర్ 180, 200 దగ్గరే ఉన్నా ఇది జరుగుతుంది, మీటరు చూసి పసిగట్టలేం. దాని లక్షణాలు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. అంటే ఓడ వికారంలో కలిసిపోయి కనిపించవు. నా సలహా, మీ డాక్టరుతో ఒక మాట అనుకుని ఎక్కే ముందు రోజు నుంచే దీన్ని ఆపేయండి. దిగి, ఒక రోజంతా మామూలుగా తిన్నాక మొదలుపెట్టండి. వాంతులు ఆగకుండా అవుతుంటే మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ కూడా అప్పటికి ఆపాలి. నీరు తగ్గిన ఒంట్లో టెల్మిసార్టాన్ కిడ్నీలకు భారం, కిడ్నీలు మందగిస్తే మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుపోతుంది. రెండు రోజులు షుగర్ 220, 250 ఉన్నంతలో కొంపలేం మునగవు. 300 దాటితే మాత్రం ఓడలోని డాక్టరుకు చూపించండి. టామ్సులోసిన్ ఆపకండి.

ఇక మీరు అడిగిన మాత్ర. బస్సు ప్రయాణాలకు అందరూ కొనుక్కునే ఎవోమిన్, అంటే ప్రొమెథజీన్, మీకు వద్దు. ప్రోస్టేట్ పెరిగినవాళ్లకు అది మూత్రం బిగబట్టేస్తుంది. నడిసముద్రంలో ఆ బాధ వాంతుల కంటే వంద రెట్లు. మీకు సిన్నరిజిన్ 25 మి.గ్రా. మేలు. మూత్రం మీద దాని ప్రభావం తక్కువ, అసలు లేదని కాదు. ఓడ కదలడానికి రెండు గంటల ముందు ఒకటి, తర్వాత అవసరమైతే ఎనిమిది గంటలకోసారి అర మాత్ర చొప్పున. కొనేటప్పుడు అట్ట మీద చదవండి. 75 మి.గ్రా. కూడా దాదాపు అదే పేరుతో ఉంటుంది. డైమెన్‌హైడ్రినేట్ కలిపిన ‘ప్లస్’ రకం కూడా దొరుకుతుంది, దానివల్ల కూడా మూత్రం బిగుస్తుంది, మీకు పనికిరాదు. చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవాళ్లు సిన్నరిజిన్ జోలికే వెళ్లకూడదు. ప్రయాణానికి వారం ముందు ఒక సాయంత్రం ఇంట్లోనే వేసుకుని మత్తు ఎంత వస్తుందో, మూత్రం సాఫీగా వస్తోందో చూసుకోండి.

మీ శ్రీమతికి ఎవోమిన్ 25 బాగానే పనిచేస్తుంది. ముందు రోజు రాత్రి పడుకునేటప్పుడు ఒకటి, ఓడలో ప్రతి రాత్రీ ఒకటి. గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉందేమో ఒకసారి కంటి డాక్టరును అడగండి, ఉంటే ఇది వద్దు. నిద్రమాత్రలతో కలపకూడదు. అరకు మలుపుల్లో వాంతులయ్యేవారికి ఓడలోనూ అయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి ‘వస్తే వేసుకుందాం’ అని ఆగవద్దు. వికారం మొదలయ్యాక కడుపు మందును కిందికి దిగనివ్వదు. చాలామంది బ్యాగులో పెట్టుకునే ఆన్‌డాన్‌సెట్రాన్ ఈ రకం వాంతులు రాకుండా ఆపడంలో పెద్దగా సాయపడదు. శొంఠి కొద్దిగా పనిచేస్తుంది, నిమ్మకాయ వాసన చూస్తే నష్టం లేదు. మణికట్టుకు కట్టుకునే పట్టీల మీద నాకు నమ్మకం లేదు.

టిక్కెట్టు తీసుకునేటప్పుడు ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో చోటు అడగండి. ఊపు అక్కడే తక్కువ. బంక్ క్లాసైతే కింది పడకే తీసుకోండి. టామ్సులోసిన్, టెల్మిసార్టాన్ రెండూ లేచి నిలబడగానే బీపీని తగ్గిస్తాయి. దానికి ఓడ ఊపు తోడైతే రాత్రి మూత్రానికి లేచినప్పుడు పడి తుంటి విరగ్గొట్టుకోవడం ఖాయం. రెండు నిమిషాలు మంచం అంచున కూర్చుని, గోడ కమ్మీ పట్టుకుని, రబ్బరు చెప్పులతో వెళ్లండి, కూర్చునే మూత్రం పోయండి. మగతనం కాదు అది, ఎముకల సంగతి!

ఖాళీ కడుపు వికారాన్ని పెంచుతుంది. ఎక్కే రోజు రెండు ఇడ్లీలు, కాస్త పెరుగన్నం చాలు, పూరీలు, బజ్జీలు వద్దు. వికారం మొదలైతే ఫోను పక్కన పెట్టి డెక్ మీదికి వెళ్లి ఆకాశం సముద్రం కలిసే గీత వైపు చూడండి, పొగ గొట్టం వాసన తగలని చోట. అది కుదరకపోతే వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకోండి. ఓఆర్ఎస్ ప్యాకెట్టు మొత్తం సరిగ్గా లీటరు నీళ్లలో కలిపి ఐదు నిమిషాలకు రెండు గుటకలు చొప్పున తాగాలి. షుగర్ ఉన్నా తాగవచ్చు, అందులో ఉండే గ్లూకోజ్ కొంచెమే. అట్టపెట్టెల్లో వచ్చే పళ్లరసం మార్కు పానీయాలు దానికి బదులు కావు.

మూడు వారాలకు సరిపడా మందులు రెండు వేర్వేరు సంచుల్లో పెట్టుకోండి. వాతావరణం తేడా వస్తే ఓడలు రోజుల తరబడి ఆగిపోతాయి. మందుల చీటీ కాగితం మీద ఉండాలి. తీరం దాటిన కొన్ని గంటలకే ఫోను సిగ్నల్ పోతుంది. ఎక్కగానే డాక్టరు గది ఎక్కడుందో చూసిపెట్టుకోండి. ఛాతీలో బిగువు, చెమటలతో వాంతి, మాట తడబాటు, జ్వరం, వాంతిలో రక్తం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం, వీటిని ఓడ మీదికి నెట్టకుండా వెంటనే చూపించాలి. దిగిన మర్నాటికీ వాంతులు ఆగకపోయినా అంతే. పోర్ట్‌బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీవిజయపురంలో, జి.బి. పంత్ ఆసుపత్రి ఉంది.

దిగాక నేల ఊగుతున్నట్టు అనిపిస్తుంది. అది సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఆ రెండు రోజులూ అద్దె స్కూటర్ నడపకండి.