ఇంగువ వాసన ముక్కుకెలా తెలుస్తుంది?

ప్రశ్న: పులిహోర పోపులో ఇంగువ వేస్తే వీధి గుమ్మం దాకా తెలిసిపోతుంది. అది ఇంగువేనని మెదడుకెలా తెలుస్తుందండీ? - ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నూనె వేడికి ఇంగువలోని గంధకం ఉన్న అణువులు ఆవిరై గాలిలో కలుస్తాయండీ. అవి ముక్కు లోపల బాగా పైన ఉండే పొర మీది తడిలో కరిగి, అక్కడి నాడీకణాల సన్నటి కొసల మీదున్న రిసెప్టర్లు అనే ప్రోటీన్ల గుంటల్లో ఇముడుతాయి. అణువు ఇమడగానే రిసెప్టర్ ఆకారం కాస్త మారుతుంది, దాంతో కణం లోపల కబురందించే జీ-ప్రోటీన్ పని మొదలుపెడుతుంది, సైక్లిక్ ఏఎంపీ అనే కబురు మోసే చిన్న అణువు తయారవుతుంది, కణం గోడలో దారులు తెరుచుకుని సోడియం, కాల్షియం లోపలికొస్తాయి, అలా పుట్టిన విద్యుత్ సంకేతం మెదడుకు వెళ్తుంది. ఇదంతా సెకనులోపే!

మనకున్న రిసెప్టర్లు దాదాపు 400 రకాలే. మరి అన్నన్ని వాసనలెలా? ఒక అణువు కొన్ని రిసెప్టర్లను కదిలిస్తుంది, ఒక రిసెప్టర్ చాలా అణువులకు పలుకుతుంది. అందుకే ఒక్కో వాసనకు ఒక తాళంచెవి అనే పోలిక నాకు నచ్చదు. హార్మోనియం మీద ఏయే మెట్లు కలిపి నొక్కారన్నదే వాసన. ఈ రిసెప్టర్ల జన్యువులను అమెరికా శాస్త్రవేత్తలు లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ 1991లో బయటపెట్టారు, 2004లో నోబెల్ అందుకున్నారు.

నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది కార్వోన్ అనే వాసన అణువు. దీనికి కుడిచెయ్యి, ఎడమచెయ్యిలా రెండు రూపాలు. ఒకటి పుదీనా వాసన, రెండోది యూరప్‌లో రొట్టెల్లో వేసే కేరవే గింజల వాసన. అవే పరమాణువులు, అద్దంలో తిరగేసినట్టు ఉంటాయంతే, ముక్కు మాత్రం తేడా పట్టేస్తుంది.